చాలా అక్కర్లేని మాట

రాయగడ కాగితం మిల్లు గెస్ట్‌హౌస్‌లో
సాయంత్రం ఆరున్నరకి నా క్లాసు.
విద్యార్థులు ముగ్గురే. కొత్త యంత్రం బిగించడానికి
చైనా నుంచి దిగిన ఫిట్టర్లు.
పెద్దాయన పేరు గెంగ్. యాభై రెండేళ్లు.
గోళ్ల కింద గ్రీజు, చెవి మీద పెన్సిలు.

ఆరోజు టీ ఒక గుక్క తాగి లేచి నిలబడ్డాడు:
"టీచర్, దిస్ టీ ఈజ్ వెరీ మాగ్నిఫిసెంట్."

కూర్చోండి గెంగ్ గారూ.
రెండు తప్పులు. చిన్నది ముందు చెబుతాను.
ఆ మాటకి ముందు వెరీ పెట్టకూడదు.
కొండచిలువ మేకని మింగినట్టు
'చాలా'ని అదెప్పుడో మింగేసి పడుకుంది.
ఇంకో మేకని నోటికందిస్తే కక్కుకుంటుంది.

రెండో తప్పు, టీ.
పార్బతి అల్లం దంచి పెట్టిన టీ మంచిదే,
కాదనను.
కానీ ఈ మాట గాజుగ్లాసులో పట్టదు.
కోటకి వాడతారు, కొండల బారుకి వాడతారు,
మెడ నొప్పెట్టేదాకా తలెత్తి చూసేవాటికి.
టీకి గుడ్ చాలు.

అతను రాసుకున్నాడు. కొట్టేశాడు. మళ్లీ రాసుకున్నాడు.
తర్వాత ఫోను అడ్డం పెట్టుకుని, తడుముకుంటూ
నాకే పాఠం చెప్పాడు:
మా భాషలో వట్టి 'మంచిది' అంటే
పక్కన ఏదో చెడ్డది ఉందని అనుమానం వస్తుంది టీచర్.
అందుకని ముందు 'హెన్' అంటాం.
హెన్ అంటే చాలా.
అనీ అనీ అరిగిపోయింది,
దానికిప్పుడు బరువు లేదు.
బోల్టు కింద వాషరు.

చాక్‌పీసు పట్టుకుని కాసేపు ఊరుకున్నాను.

ఇరవై రెండేళ్లకి పార్వతీపురం నుంచి వచ్చి
ఇక్కడి బడిలో చేరిన మొదటి రోజు
హెడ్మాస్టరు దాశరథి పట్నాయక్ గుమ్మంలో నిలబడి
నా పాఠం మొత్తం విని, "చమత్కార్!" అన్నాడు.
నేనేం చమత్కారం చేశానని?
వెక్కిరించాడనుకున్నాను.
రాత్రి అన్నం సయించలేదు.
అదే మాట కూనేరు దాటగానే
మెప్పుగా మారిపోతుందని
తెలియడానికి నెల పట్టింది.

ఇక మా నాన్న, కంసాలి,
రవ్వంత బంగారాన్నీ ఊపిరి బిగబట్టి తూచే మనిషి.
నా బీఎడ్ ఫస్టు క్లాసు కాగితం
దీపం దగ్గర రెండు వైపులా తిప్పి చూసి
"పర్వాలేదు" అన్నాడు.
ఆ మాట ముందు కూడా 'చాలా' నిలవదు.
అని చూడండి, నాలుక ఒప్పుకోదు.

ఆగస్టులో మూడు రోజులు ముసురు.
నాగావళి వంతెన మొదట్లో మిల్లు జీపు ఆగిపోయింది.
నది ఎర్రగా, వేళ్లతో సహా చెట్లని మోసుకుంటూ,
ఒడ్డేదో తనకే తెలియనట్టు పోతోంది.
గెంగ్ హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు.
నోరు తెరిచాడు.
వెరీ కోసం నేను కాచుకుని ఉన్నాను.

"మాగ్నిఫిసెంట్."

అంతే. నిటారుగా, ఒంటరిగా నిలబడింది మాట.
శభాష్ అనబోయాను.
ఇంతలో ఎవరిదో పాక కప్పు కొట్టుకొచ్చింది,
మీద ఆనపపాదు ఇంకా పచ్చగానే ఉంది,
రెండు కాయలతో.
వంతెన కింద దూరి అవతల ముక్కలై తేలింది.

గెంగ్ నా వైపు తిరిగాడు.
"టీచర్, నౌ? స్టిల్ కెన్ సే?"

పాతికేళ్లుగా చెబుతున్న వ్యాకరణం
మనసులోనే పేజీ పేజీ తిరగేశాను.
దొరకలేదు. తెలియదన్నాను.
అతను హెల్మెట్ పెట్టుకోలేదు,
వాన తగ్గలేదు.

నవంబరులో వాళ్ల రైలు.
పార్బతి ఫ్లాస్కు పట్టుకుని స్టేషనుకి వచ్చింది.
గెంగ్ గ్లాసు రెండు చేతులా అందుకుని
చివరి బొట్టుదాకా తాగి,
నన్ను ఓరకంట చూసి,
"గుడ్" అన్నాడు.
వాషరు లేకుండా.

పార్బతి మొహం చిన్నబోయింది.
నా చెవి దగ్గరికొచ్చి అడిగింది:
"ఏటమ్మా, పంచదార గానీ తక్కువైందా?"